ఉద్యోగ మెయిల్‌కు జవాబు ఎవరి బాధ్యత?

సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం ఫార్మా యూనిట్లలో పనిచేసే యువతకు తరచూ ఒక మెయిల్ వస్తుంటుంది. పైన ‘అర్జెంట్ ఓపెనింగ్, క్యూసీ (క్వాలిటీ కంట్రోల్)’ అని ఉంటుంది. కింద ప్రస్తుత జీతం, ఆశిస్తున్న జీతం, నోటీస్ పీరియడ్ నింపడానికి గడులుంటాయి. కంపెనీ పేరుండదు; ‘పేరున్న సంస్థ’ అని సరిపెడతారు. అభ్యర్థి వివరాలన్నీ నింపి పంపుతాడు. ఆ తర్వాత ఎంపికయ్యాడో లేదో చెప్పే నాథుడుండడు.

హెచ్‌ఆర్ విభాగాలదీ ఒక ఫిర్యాదుంది. ఆఫర్ లెటర్ తీసుకున్నవాళ్లు చేరే రోజుకు రారు, ఫోన్ ఎత్తరు అంటారు. అది నిజమే, తప్పే. కానీ ఇంటర్వ్యూ అయ్యాక మాట లేకుండా వదిలేసే పద్ధతిని అలవాటు చేసింది కంపెనీలే. కాబట్టి దాన్ని మార్చే బాధ్యతా ముందుగా వాటిదే.

ఈ ప్రాంతంలో ఫోన్ కాల్ మీదే ఆధారపడటం అన్యాయం కూడా. మందుల ప్లాంట్లలో ప్రొడక్షన్ బ్లాకులోకి సెల్‌ఫోన్ రానివ్వరు. గౌను వేసుకోకముందే లాకర్లో పెట్టేయాలి. పొద్దున షిఫ్టులో ఉన్న మనిషికి పదకొండింటికి ఫోన్ చేసి, ఎత్తలేదని ‘ఆసక్తి లేదు’ అని రాసుకుంటే ఎలా? రెండో షిఫ్టు ముగించుకుని ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగేసరికి రాత్రి పది దాటుతుంది. ఆ వేళ అతను జవాబివ్వగలిగేది మెయిల్‌కే.

ఆ జవాబు పొడుగ్గా ఉండక్కర్లేదు. ఆసక్తి ఉందో లేదో, నోటీస్ పీరియడ్ ఎంతో, ఏ వేళ మాట్లాడగలరో రాస్తే చాలు. వద్దనుకుంటే ఆ మాటా రాయాలి. ఆ మెయిల్‌లోనే కొన్ని ప్రశ్నలు తప్పక వేయాలి: కంపెనీ ఏది, ఏ యూనిట్, కంపెనీ రోల్సా, కాంట్రాక్టా, భద్రతా శిక్షణ, బీమా ఉన్నాయా? 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. ఆ తర్వాత ఈ ప్రశ్నలను అతి అని ఎవరూ అనలేరు. ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగిన మెయిల్‌కు మాత్రం జవాబివ్వకూడదు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీల బాధ్యతను చట్టంలో పెట్టడం సాధ్యమేనని కెనడాలోని ఒంటారియో రాష్ట్రం చూపింది. అక్కడ 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు, ప్రకటన ఇచ్చిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవారికి 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి. 2026 జనవరి 1 నుంచి ఇది నిబంధన. మన దేశంలోనూ 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1959 నాటి చట్టం 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలపాలని చెప్పింది. ఖాళీ ఉందని చెప్పమన్న ఆ చట్టం, అది భర్తీ అయిందని అభ్యర్థికి చెప్పమనలేదు.

ఆ లోటును తెలంగాణ ప్రభుత్వం పూడ్చాలి. అందాకా ఇక్కడి పరిశ్రమల సంఘాలే ఒక గడువు పెట్టుకోవచ్చు. సెలవు పెట్టి, ఒక రోజు జీతం వదులుకుని ఇంటర్వ్యూకు వచ్చిన మనిషికి రెండు వాక్యాల మెయిల్ పంపడం ఏ కంపెనీకీ భారం కాదు.