అంధ సహోదరులకు అడ్డుపడుతున్న మన ఫైళ్లు

తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఒకప్పుడు మన అంధ సహోదరీ సహోదరుల్లో చాలామందికి అందని వస్తువు. జాస్ వంటి ప్రోగ్రామ్‌కు వెయ్యి డాలర్ల దాకా అయ్యేది. కంప్యూటర్ కంటే దానికే ఎక్కువ!

2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ తయారీ మొదలుపెట్టాడు. మిత్రుడు జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ అంధులే. కంప్యూటర్ వాడుకోవడానికి చూపున్నవారు కట్టని అదనపు సొమ్ము చూపులేనివారు ఎందుకు కట్టాలని వారి ప్రశ్న. అందుకే దాన్ని ఉచితంగా ఇచ్చారు. దానితోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది, కాస్త యంత్రపు యాసతో. ఆండ్రాయిడ్ ఫోన్లలోనైతే టాక్‌బ్యాక్ ఉండనే ఉంది.

అయినా ఆదివారం పాటలు వారికి అందడం లేదు. మనం వాట్సాప్‌లో పంపేది ఫొటో. స్క్రీన్ రీడర్‌కు అది ఒట్టి బొమ్మ. అను ఫాంట్లలో కూర్చిన ఫైలు మరీ విచిత్రం: కంటికి తెలుగే, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. కీర్తన వినబోతే ఆ గందరగోళమే వినిపిస్తుంది. (పత్రికలవాళ్లం మేమూ ఈ అలవాటుకు అతీతులం కాము.) అదే పాటను యూనికోడ్‌లో టైపు చేసి పంపితే తెలుగుగానే వినిపిస్తుంది.

సంఘ కార్యదర్శులు ఈ వారం పాటల ఫైలులోంచి ఒక చరణం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. గుర్తులు వస్తే దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. కాపీకే లొంగకపోతే టైపు చేయించాలి. ఆ పనికి సంఘంలో ఒక యువకుడో యువతో చాలు.