రాబందు లేని ఆకాశము

విశ్వవిద్యాలయములనుండి ఏటేట వెలువడు పరిశోధన వ్యాసముల పట్టికను చేతబట్టిన సామాన్య పాఠకునకు మొదట కలుగునది విస్మయము. ఒకరు పశువుల నొప్పిమందులను గూర్చి వ్రాయుదురు. ఒకరు ఔషధ చట్టములోని ఒక సెక్షనును విమర్శింతురు. మరియొకరు ఒక చిన్న మతసమాజము వారి అంత్యక్రియలను వర్ణింతురు. వేరొకరు చెట్లపై పక్షిగూళ్ళను లెక్కింతురు. ఇన్ని తీరుల శ్రమ ఎవరికి ఉపకరించును? ఇది కొండను త్రవ్వి ఎలుకను పట్టుట కాదా? ఈ ప్రశ్న ఉపాధ్యాయుల గదులలోను, చదువుకొను పిల్లలున్న ఇండ్లలోను నేటికిని వినబడుచునే యున్నది. దీనికి సమాధానము వాదములో కంటె, జరిగిన ఒక కథలో స్పష్టముగా కనబడును. పైన చెప్పిన నాలుగు పరిశోధనలును నిజమునకు ఒకే విషయమునకు చెందినవి. ఆ విషయము భారతదేశమున రాబందుల క్షయము.

1980వ దశకము నాటికి ఈ దేశమున రాబందులు కోట్ల సంఖ్యలో ఉండెడివని శాస్త్రజ్ఞుల అంచనా. ఊరి వెలుపల గొడ్డు పడినదనిన తోడనే అవి ఎక్కడనుండియో చుక్కలవలె ఆకాశమున కనబడి, చుట్టుతిరుగుచు దిగి, చూచుచుండగనే ఎముకల గూడు మాత్రము మిగిల్చి పోయెడివి. పశుసంపదలో ఈ దేశము ప్రపంచమున అగ్రశ్రేణిలో నున్నది. చచ్చిన ఆవును, ఎద్దును తినువారు తక్కువ. తోలు ఒలుచువారు తోలు తీసికొనిపోగా మాంసము రాబందుల పాలయ్యెడిది. మిగిలిన ఎముకలను వేరొకరు ఏరుకొని అమ్ముకొనెడివారు. రాబందు కడుపులోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. కుళ్ళిన మాంసములోని రోగక్రిములలో పెక్కింటిని అది నశింపజేయును. పురపాలక సంఘములకు ఒక్క కాసైనను ఖర్చు లేకుండ ఇంత పారిశుద్ధ్యము జరుగుచుండెను. ఖర్చు లేనందువలననే కాబోలు, దాని విలువను లెక్కగట్టినవారును లేకుండిరి.

లెక్కించిన వారి కథ

రాజస్థానములోని భరత్‌పురమున కేవలాదేవ్ జాతీయోద్యానము కలదు. అచ్చట పక్షిశాస్త్రజ్ఞుడు విభు ప్రకాశ్ 1980వ దశకములో రాబందుల గూళ్ళను లెక్కించి యుండెను. 1990వ దశకపు చివర అదే తావున తిరిగి లెక్కించినపుడు, మునుపు వందలకొలది గూళ్ళున్న చోట కొలదియే మిగిలియున్నట్లు తేలినది. పక్షులు మెడలు వ్రేలవైచి కొమ్మలపై రోజులతరబడి కూర్చుండి, తుదకు క్రింద పడి చచ్చుచుండెను. ఈ సంగతి 1999లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి పత్రికలో ప్రకటితమైనది. మరుసటి సంవత్సరమే మూడు జాతుల రాబందులు అంతరించు ప్రమాదము మిక్కుటముగా గల పక్షుల పట్టికలోనికి ఎక్కినవి. 1992 మొదలు 2007 వరకు వీపు తెల్లగానుండు రాబందుల సంఖ్య నూటికి 99.9 వంతులు తరిగిపోయినది. వెయ్యింటికి ఒక్కటి మిగిలినదన్నమాట. తక్కిన రెండు జాతులును నూటికి 97 వంతుల వరకు నశించినవి.

ఇచ్చట ఒక సంగతిని విద్యార్థులు గుర్తింపవలెను. తొలిసారి గూళ్ళను లెక్కించిననాడు రాబందులకు ఏ ఆపదయు లేదు. ఆనాటి లెక్క ఎవరి అవసరమును తీర్చినట్లు కనబడదు. కాని ఆ లెక్కయే లేకున్నచో రెండవ లెక్కకు అర్థముండెడిది కాదు. తరుగుట ఎప్పుడు మొదలైనదో, ఎంత వేగముగా జరిగినదో చెప్పగలవారు లేకపోయెడివారు. రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డునే పెట్టును. పిల్ల పెరిగి జతకట్టుటకు సుమారు ఐదేండ్లు పట్టును. ఇట్టి పక్షి ఒకసారి తరిగినచో తిరిగి పెరుగుటకు దశాబ్దములు కావలెను. కావున ఆలస్యముగా తెలియుట తెలియకపోవుటకు దాదాపు సమానము.

వ్యాధి నిర్ణయము

చావునకు కారణమేమి? మొదట అందరును సందేహించినది ఏదో క్రొత్త వైరస్సును. పురుగుమందులను, సీసము మొదలగు లోహములను కూడ పరీక్షించిరి. ఫలము లేకపోయెను. శవపరీక్షలో మాత్రము ఒక లక్షణము మరల మరల కనబడినది. మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము బయటకు పోలేక, తెల్లని సున్నపు పొడివలె లోపలి అవయవములపై పేరుకొనియుండెను.

పాకిస్తానులోని పంజాబున పనిచేయుచున్న అమెరికా పశువైద్యుడు లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు ఈ చిక్కును మరియొక దారిని విప్పిరి. రాబందు తినునది చచ్చిన పశువును. ఆ పశువు బ్రదికియున్నపుడు దాని ఒంటిలోనికి ఏమేమి పోవుచున్నది? ఈ ప్రశ్నతో వారు పశువైద్యులను, మందుల దుకాణదారులను కలిసికొని, మూత్రపిండములకు హాని చేయగల మందులలో క్రొత్తగా వాడుకలోనికి వచ్చినదేదియని విచారించిరి. అందరి నోటను వచ్చిన పేరు డైక్లోఫెనాక్. మనుష్యుల కీళ్ళనొప్పులకు వాడు మందే అది. చౌకగా దొరకుటచే కుంటు ఎద్దులకు, పొదుగువాపు వచ్చిన గేదెలకు దానిని సూదిమందుగా వేయుట వ్యాపించియుండెను. అవయవములపై తెల్లని పూత గల 25 రాబందులను పరీక్షింపగా 25 పక్షులలోను ఆ మందు దొరికినది. పూత లేని 13 పక్షులలో ఒక్కదానియందైనను దొరకలేదు. ఈ ఫలితము 2004లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది.

పిమ్మట గణితశాస్త్రము తోడైనది. ఇంతటి నాశనమునకు ఎన్ని కళేబరములు విషపూరితములు కావలెను? వెయ్యింటిలో ఎనిమిదింటికి తక్కువైనను చాలునని లెక్క తేలినది. ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు వ్రాలుటయే ఇందుకు హేతువు. 2006 నాటికి మెలాక్సికామ్ అను మరియొక నొప్పిమందు రాబందులకు హాని చేయదని పరీక్షల వలన రుజువైనది. పశువు బాధయు తీరును, పక్షి ప్రాణమును నిలుచును. రైతునకు నష్టము కలుగని ఉపాయము దొరికినందుననే తరువాతి మెట్టు సాధ్యమైనది.

చట్టము నడక

తరువాతి మెట్టు న్యాయశాస్త్రమునకు చెందినది. 2006లో పశువులకై డైక్లోఫెనాక్ తయారుచేయుటకు ఇచ్చిన అనుమతులను రద్దుచేయవలసినదిగా కేంద్ర ప్రభుత్వము ఆదేశించినది. 2008లో ఆ నిషేధమునకు గెజిట్ ప్రకటనతో బలము చేకూర్చినది. కాని మనుష్యుల కొరకని అమ్ము పెద్ద బుడ్లలోని మందే పశువుల పాకలకు చేరసాగినది. దీనిని అరికట్టుటకు 2015లో సూదిమందు బుడ్డి 3 మిల్లీలీటర్లకు మించరాదని ఉత్తరువు చేసిరి. మనిషికి చాలు మోతాదు అది, ఎద్దునకు చాలదు. ఔషధ కంపెనీలు ఈ ఉత్తరువును ప్రశ్నింపగా, 2017లో మద్రాసు హైకోర్టు దానిని సమర్థించినది.

ఇంతటితో సమస్య తీరలేదు. కీటోప్రొఫెన్ అను మందు కూడ రాబందులను చంపునని 2010 నాటికే పరిశోధకులు ప్రకటించియుండిరి. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంటిలో డైక్లోఫెనాక్‌గా మారునని పిదప తేలినది. బంగ్లాదేశము 2021లో కీటోప్రొఫెన్‌ను నిషేధించినది. మన దేశమున ఈ రెండు మందులను పశువులకు వాడరాదని ప్రకటించుటకు 2023 జూలై వచ్చినది. నిమెసులైడ్ విషయమున 2024 డిసెంబరు వరకు ఆగవలసివచ్చినది. తెలిసికొనుటకును ఆచరించుటకును నడుమ, ఒక్క కీటోప్రొఫెన్ విషయముననే, పదమూడేండ్లు గడచినవి.

ఈ ఆలస్యమునకు అధికారుల అలసత్వమొక్కటియే కారణమని చెప్పుట సులభము. న్యాయశాస్త్ర పరిశోధకుడు ఇంకను లోతునకు పోవును. ఔషధ పరీక్షల పద్ధతి ఆ మందును పుచ్చుకొను రోగి క్షేమమును ప్రధానముగా చూచును. ఇచ్చట మందు పుచ్చుకొన్న గొడ్డునకు హాని లేదు. దానిని తినిన పక్షికి హాని. ఈ మూడవ ప్రాణి పక్షమున ఎవరు వాదింపవలెను? మందు బజారునకు వచ్చి, పక్షులు చచ్చి, రుజువు దొరికిన పిదప నిషేధింపవలెనా? లేక రాబందులకు హానిలేదని ముందే రుజువైన తరువాత అనుమతింపవలెనా? రాబందుల రక్షణకై కేంద్ర పర్యావరణ శాఖ 2020-2025 సంవత్సరములకు రచించిన ప్రణాళికలో, విషమని తేలిన మందు పశువైద్యమునుండి తనంతట తొలగిపోవు ఏర్పాటు కావలెనని సూచించిరి. నేటి వివాదమంతయు ఈ బిందువు చుట్టునే తిరుగుచున్నది. నొప్పిమందులలో క్రొత్తవి పుట్టుచునే యుండును. ఒక్కొక్కదాని వెంట పదేండ్లు పరుగెత్తుటకు రాబందులు మిగిలియుండవు.

మనుష్యుల లెక్క

రాబందు పోయినంత మాత్రమున మనిషికేమి నష్టమని అడుగువారు కలరు. కళేబరములు అట్లే మిగిలినవి. వాటిని తిని ఊరకుక్కలు పెరిగినవి. కుక్కకాట్లును, దానితో రేబిస్ వ్యాధియు పెరిగినవి. 1992 మొదలు 2006 వరకు రాబందులు లేనందున సంభవించిన అదనపు రేబిస్ మరణములు సుమారు 47,000 అని 2008లో ఆర్థికశాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి.

2024లో ఈయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞుల పరిశోధన వెలువడినది. వారి పద్ధతి తరగతి గదిలో చెప్పదగినంత సరళమైనది. పూర్వము రాబందులకు అనువైన జిల్లాలను ఒక వంకను, అనువుకాని జిల్లాలను మరియొక వంకను ఉంచి, డైక్లోఫెనాక్ చౌకయగుటకు ముందును తరువాతను ఆయా జిల్లాల మరణముల రేటును పోల్చిరి. అనువైన జిల్లాలలో మరణములు నూటికి నాలుగు వంతులకు పైగా పెరిగినట్లును, ఆ జిల్లాల నీటిలో మాలిన్యము, రేబిస్ టీకాల అమ్మకము కూడ హెచ్చినట్లును కనుగొనిరి. 2000 మొదలు 2005 వరకు ఏటికి సుమారు ఒక లక్ష అదనపు మరణములు సంభవించినవని వారి అంచనా. అంచనా అంచనాయే, అందలి ప్రతి మెట్టును ఇతరులు ప్రశ్నింపవచ్చును, ప్రశ్నింపవలెను కూడ. కాని పక్షిశాస్త్రజ్ఞుని గూళ్ళ లెక్క లేకున్నచో, పశువైద్యుని శవపరీక్ష లేకున్నచో, ఆర్థికశాస్త్రజ్ఞునకు ఈ ప్రశ్నయే తోచియుండెడిది కాదు.

ఆచారము, పురాణము

సంస్కృతిని పరిశోధించువారికి ఇందులో పనియేమి? పార్సీ మతమున అగ్ని, భూమి, జలము పవిత్రములు. శవముతో వానిని మలినపరుపరాదు. అందుచే వారు మృతదేహములను గోపురమువంటి దఖ్మాలలో ఉంచి పక్షులకు అర్పింతురు. ముంబయిలోని మలబారు కొండపైనను, సికిందరాబాదులోని పార్సీగుట్టపైనను ఇట్టివి కలవు. రాబందులు లేకపోవుటతో శతాబ్దముల ఆచారమునకే ఆధారము తొలగినది. ముంబయిలో సూర్యకిరణములను కేంద్రీకరించు అద్దములను అమర్చి చూచిరి. కొందరు దహనమునకు మొగ్గగా, అట్టివారికై 2015లో వర్లి శ్మశానమున ప్రార్థనామందిరమును నెలకొల్పిరి. ఇది ధర్మమా కాదా యని ఆ సమాజమున తీవ్రమైన చర్చ జరిగినది. ఎడ్లకు వేసిన ఒక సూదిమందు ఒక మతము వారి అంత్యక్రియలను మార్చగలదని ఏ ఔషధ పరీక్షయు ముందుగా చెప్పియుండలేదు.

తెలుగువారి ఊహలో రాబందు స్థానము విచిత్రమైనది. పరుల సొమ్ము పీక్కుతినువానిని రాబందని తిట్టుదురు. సీతకై రావణునితో పోరాడి ప్రాణమిచ్చిన జటాయువునకు మ్రొక్కుదురు. శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షికి ఆ పేరు జటాయువు వలననే వచ్చినదని జనుల నమ్మిక. భయమును, భక్తియును కలిసిన ఈ భావమే రాబందును వేటనుండి కొంతవరకు కాపాడినదేమో అనునది సంస్కృతి పరిశోధకులు విచారింపదగిన ప్రశ్న. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్టపై రాబందుల గూళ్ళు కనబడినవి. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాబందులను పెంచి సంతతిని వృద్ధిచేయు ప్రయత్నము జరుగుచున్నది. అట్లు పెంచిన పక్షిని వదలుటకు, చుట్టుప్రక్కల పల్లెలలోని పశువుల మందులు నిరపాయకరములని ముందు తేలవలెను. కావున అడవిలోని గుట్ట రక్షణ పల్లెలోని మందుల దుకాణముపై ఆధారపడియున్నది.

ఈ వృత్తాంతమంతటిలో ఏ ఒక్క శాస్త్రమును తుదివరకు ఒంటరిగా పోలేదు. పక్షిశాస్త్రము చావును చూపినది, కారణమును చూపలేకపోయినది. పశువైద్యము కారణమును చూపినది. నిషేధించు అధికారము దానికి లేదు. చట్టము నిషేధించినది, నిషేధించిన మందు పాకకు ఎట్లు చేరుచున్నదో మరల క్షేత్రమునకు పోయి చూచినవారే చెప్పవలసివచ్చినది. ఒకరి పని ముగిసిన చోట మరియొకరు సిద్ధముగా నుండుట వలన కొన్ని పక్షులైనను మిగిలినవి. ఆ చేయి ఈ చేయి అందుకొనుటలో జరిగిన ప్రతి జాగును వాటి సంఖ్యను తగ్గించినది.

విద్యాలయములలో శాస్త్రములను విభాగములుగా పంచుట బోధనా సౌకర్యము కొరకు. ఆ పంపకము తప్పు కాదు. అయినను జీవశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు రాబందు పాఠమును చెప్పుదినమున, సాంఘికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు ఔషధ చట్టమును గూర్చి, తెలుగు పండితుడు జటాయువును గూర్చి చెప్పినచో పిల్లలకు ఒక సత్యము సులభముగా బోధపడును. వారు చేయదగిన పనియు ఒకటి కలదు. తమ ఊరి చెట్లపై, గుట్టలపై ఏయే పక్షులు ఎన్ని గూళ్ళు కట్టుచున్నవో లెక్కించి, తేదీ వేసి, పాఠశాలలో భద్రపరచుట. ఆ లెక్క ఎవరికి ఎప్పుడు అవసరమగునో నేడు తెలియదు. భరత్‌పురమున తొలిసారి గూళ్ళు లెక్కించిననాడును అది తెలియదు.