పాచికి మందు పోయకండి, పాదును ఆరనివ్వండి

నిమ్మ, బత్తాయి తోటల్లో పాదుల చుట్టూ నేలమీద పచ్చగానో, నల్లగానో, బూడిద రంగులోనో పెచ్చులు కట్టడం మీరు చూసే ఉంటారు. అది కనబడగానే తోటకు తెగులొచ్చిందని కంగారుపడి మైలుతుత్తం నీళ్లో, బ్లీచింగ్ పౌడరో తెచ్చి పోసే రైతులున్నారు. ఆ డబ్బు దండగ. దండగే కాదు, చేటు కూడా.

ఆ పెచ్చుల్లో ఉండేవి పాచి, నాచు, లైకెన్లు. లైకెన్ అంటే శిలీంధ్రం, పాచి కలిసి బతికే జీవి. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. వీటికి వేర్లుండవు, చెట్టు సారాన్ని పీల్చుకోవు. పైగా కొన్నింటిలో ఉండేది వరి మళ్లలో చల్లే నీలి ఆకుపచ్చ నాచుకు చుట్టమే. అది గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది.

అలాగని పట్టించుకోకుండా వదిలేయమని కాదు. పాదు ఆరడం లేదనీ, ఎండ తగలడం లేదనీ, నేల గట్టిపడిందనీ ఆ పెచ్చు చెబుతోంది. మొదలు దగ్గర ఎప్పుడూ తడి ఉంటే నిమ్మ జాతి చెట్లకు బంక తెగులు వస్తుంది. భయపడాల్సింది దానికి.

మైలుతుత్తంలోని రాగి నేలలోనే పేరుకుపోతుంది, వానపాములకు పడదు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ నిమ్మ జాతికి గిట్టదు. సున్నం చల్లమనే వాళ్లూ ఉన్నారు. సున్నం పాలు ఎక్కువున్న నేలకు ఇంకా సున్నం వేస్తే ఇనుము, జింకు అందక ఆకులు పాలిపోతాయి. మట్టి పరీక్ష చేయించకుండా వేయొద్దు.

ఖర్చు లేని పని చేయండి. పాదు పైమట్టి ఆరాకే మళ్లీ నీరు పెట్టండి. మొదలుకు నీరు తగలకుండా చుట్టూ మట్టి ఎగదోసి, బయట రెండో పాదు కట్టి అందులోనే పారించండి. నేలను తాకే కొమ్మలు తీసేస్తే ఎండా గాలీ ఆడతాయి. పెచ్చును పైపైన గీకి మట్టిలో కలపండి. లోతుగా తవ్వితే పీచు వేర్లు తెగుతాయి. చివికిన పశువుల ఎరువు వేయండి. వానాకాలంలో జనుమో, జీలుగో చల్లి, పూతకు ముందే కలియదున్నండి. వాన నీరు నిలిచే చోట కాలువ తీయండి.

ఇవన్నీ చేసినా వానల్లో పెచ్చు మళ్లీ కనబడొచ్చు. కనబడనివ్వండి, ఎండలకు అదే పోతుంది. మందుల కొట్టుకు వెళితే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. అది కొనే ముందు పాదు మట్టి పిడికెడు తీసి పిసికి చూడండి. ముద్ద కడితే మీ తోటకు కావలసింది మందు కాదు, నాలుగు రోజుల ఆరుదల.