పొడి రాతకు తడి కాగితం

వర్షాకాల సమావేశాలు ఆరంభమైతే చాలు, రాజధానిలోని మంత్రిత్వశాఖల భవనాలలో దీపాలు చాలా పొద్దుపోయేదాకా ఆరవు. లోక్‌సభలో ఒక రోజుకు నక్షత్రం గుర్తు గల ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 వరకు అనుమతిస్తారు. రాజ్యసభలో ఈ సంఖ్యలు 15, 160. సమాధానాలు ఇప్పుడు కంప్యూటరు మీదనే సభా సచివాలయాలకు చేరుతున్నవి గదా, ఇంకా కాగితంతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. నిజమే. కాని అనుబంధ ప్రశ్నలు వస్తే మంత్రి చెప్పవలసిన వివరాల దస్త్రం నేటికీ చాలావరకు కాగితం మీదనే ఆయన చేతికి అందుతున్నది. అంకెలు చివరి గంటలో మారుతుంటాయి. మారిన ప్రతిసారీ ఆ పుట మళ్ళీ ముద్రించాలి, నకళ్ళు తీయాలి. సరిగ్గా ఆ రాత్రే యంత్రం మొరాయిస్తుంది.

ఇది దైవికం కాదు. మంత్రిత్వశాఖలను అయిదు వర్గాలుగా విభజించి, ఏ శాఖ వంతు వారంలో ఏ రోజు వచ్చేదీ ముందే నిర్ణయిస్తారు. ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఉండాలి. ఇలా తేదీ చెప్పి మరీ వచ్చే రద్దీ బహుశా మరే కార్యాలయానికీ ఉండదు. అయినా ప్రతి సమావేశంలోనూ అది అనుకోని ఉపద్రవంలాగానే వచ్చిపడుతున్నది.

1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ తొలి నకలు తీసిన ఈ విధానానికి తరువాత పెట్టిన గ్రీకు పేరుకు అర్థం ‘పొడి రాత’. విద్యుదావేశంతో డ్రమ్ము మీదికి లాగిన సిరాపొడిని కాగితం మీదికి మార్చి, వేడితో కరిగించి అతికించడమే అందులోని కిటుకు. మన కార్యాలయాలలో మాత్రం శ్రావణమాసపు గాలిలో రీములు విప్పి వరండా గోడకు ఆనించి పెడతారు. తేమ పీల్చిన కాగితం వేడి తగలగానే మెలిక తిరిగి లోపల ఇరుక్కుంటుంది. హడావిడిలో ఉన్న గుమాస్తా దానిని వచ్చిన దారికి ఎదురుగా లాగుతాడు. చిరిగిన ముక్క లోపలే ఉండిపోతుంది. దీనికి తోడు మన దస్త్రాల గుండుసూదులు. పత్రాలతోపాటు ఒక్కటి లోపలికి పోయి గాజుపలకను గీస్తే, ఆ గీత ప్రతి నకలు మీదా నల్లగా పడుతుంది. కాగితాన్ని లాగే రబ్బరు రోలరును తడిపి పిండిన మెత్తటి గుడ్డతో అప్పుడప్పుడు తుడిస్తే చాలా బాధ తప్పుతుంది. ఆ తుడవడం ఎవరి విధి?

సైక్లోస్టయిల్ కాలంలో ఈ ప్రశ్న లేదు. చేతులకు సిరా అంటించుకొని యంత్రాన్ని తిప్పినవాడే సాయంత్రం దానిని తుడిచేవాడు. జిరాక్సు యంత్రానికి అటువంటి ఆప్తుడు లేడు. వార్షిక నిర్వహణ ఒప్పందం ఉన్నది. అతి తక్కువ ధర చూపిన సంస్థకు అది దక్కుతుంది. ఆ ధరకు ఆ సంస్థ నాలుగు భవనాలకు ఒక మెకానిక్కును పంపుతుంది. అతడు వచ్చేది యంత్రం చెడిన తరువాతనే. ఆ మధ్య ఒక శాఖలో రాత్రి తొమ్మిదింటికి వచ్చిన మెకానిక్కు ప్రవేశపత్రం లేక గేటు వద్ద నిలిచిపోయాడు. లోపల సంయుక్త కార్యదర్శి, వెలుపల కొత్త రోలరు!

తయారీదారు పేర్కొనే నెలసరి గరిష్ఠ పరిమితిని నిత్యం మోయగల భారమని భావించి చిన్న యంత్రాలను కొనడం మరొక దుబారా. వాడుకకు సిఫారసు చేసే పరిమాణం అందులో చిన్న భాగమే.

ప్రభుత్వానికి చేతకాదనలేము. 1950లో బడ్జెట్ రహస్యం పొక్కినప్పుడు ముద్రణను రాష్ట్రపతి భవన్ నుండి మింటో రోడ్డుకు, 1980లో నార్త్ బ్లాక్ నేలమాళిగకు మార్చారు. మనుషులను, యంత్రాలను, కాగితాన్ని ముందుగా సమకూర్చుకొని తలుపులు మూసుకొన్నారు. 2021లో ఆ ముద్రణ ఆగేవరకు అదే పద్ధతి. ఆ శ్రద్ధలో పదోవంతు మిగిలిన శాఖలకు చాలును. సమావేశాల నడుమ నెలల వ్యవధి ఉన్నది. అరిగిన రోలర్లు అప్పుడే మార్చాలి. సమావేశాల తేదీలను ఒప్పందంలో చేర్చి, ఆ రోజులకు మెకానిక్కుకు ప్రవేశపత్రం ఇవ్వాలి.

నక్షత్రం గుర్తు గల ప్రశ్న సభ్యునికి బ్యాలట్‌లో దక్కే అదృష్టం. ఆయన అనుబంధ ప్రశ్న వేసేసరికి మంత్రి చేతిలో నిన్నటి పుట ఉంటే, వివరాలు సేకరించి తెలియజేస్తామన్న మాటతో ఆ అవకాశం ముగిసిపోతుంది. ఆ సభ్యుడు శ్రీకాకుళం వాడైనా, సిల్చార్ వాడైనా మళ్ళీ బ్యాలట్‌లో పేరు ఎప్పటికి వచ్చేనో!

శీతకాల సమావేశాలలో ఈ తేమ ఉండదు. అప్పుడు పొడి చలిగాలికి కాగితాలు ఒకదానికొకటి అంటుకొని రెండేసి చొప్పున లోపలికి పోతాయి. రీమును విప్పగానే ఒకసారి విదిలించి పెట్టాలని గుమాస్తాలకు ఇప్పుడే చెప్పి ఉంచవచ్చును.