చెప్పుకోలేని బాధ

మూత్రాశయం నిండిన సంగతిని వెన్నుపాము మెదడుకు చేరుస్తుంది. తగిన వేళ వచ్చేవరకు ఆపవలసినదిగా మెదడు ఆజ్ఞాపిస్తుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధిలో దేహరక్షణ వ్యవస్థయే నాడీతంతువుల మైలిన్ పొరను దెబ్బతీయడం వలన ఈ రాయబారం చెడిపోతుంది. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో వివరించిన ఈ వ్యాధి స్త్రీలలోనే అధికం.

భూపాలపల్లి జిల్లా టేకుమట్ల వంటి చోట పత్తి ఏరబోయే స్త్రీకి ఈ స్థితి వస్తే, సిగ్గుతో నోరు విప్పదు. నీళ్ళు త్రాగడమే తగ్గిస్తుంది. దానివలన మూత్రం చిక్కబడి బాధ హెచ్చుతుంది. కాన్పుల బలహీనత అనేవారు కొందరు, గర్భసంచి తీయించుకొమ్మనేవారు కొందరు! ఆమెలో లోపమున్నది మెదడులో, వెన్నుపాములో, ఎం.ఆర్.ఐ. పరీక్ష దానిని చూపగలదు. కటి కండరాల వ్యాయామం, మందులు ఉపశమనమిస్తాయి. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త జ్వరాన్ని గూర్చి అడిగినట్లే దీనిని గూర్చీ అడగవలెను. అడగనిదే ఆమె చెప్పదు.