పన్నెండు చోట్ల లిస్టు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బే ఏరియాలో మనం చేసే పని దాదాపు ఒకటే. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని, కారెక్కించి, శాన్‌ఫ్రాన్సిస్కో అంతా ఒక్కరోజులో తిప్పేయడం. గోల్డెన్ గేట్ దగ్గర ఫొటో, లొంబార్డ్ స్ట్రీట్ ఎనిమిది మలుపులూ కార్లోనే దిగడం, పియర్ 39లో సీ లయన్లు, చీకటి పడ్డాక ఇంటి దగ్గర ఇండియన్ రెస్టారెంటులో బిర్యానీ. నన్నడిగితే ఇది ఊరు చూపించడం కాదు, హాజరు వేయించడం.

నేనూ అదే చేశాను లెండి. మూడేళ్ళ క్రితం అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఎక్సెల్ షీట్లో పన్నెండు చోట్లు రాసుకుని పదకొండు చూపించాను. ఆ రాత్రి ఫోన్లో పిన్ని "ఏం చూశావే అక్కా?" అంటే, "బోలెడు చూశాం. అన్నీ ఎత్తుపల్లాలే, కారు వెనక్కి జారిపోతుందేమోనని ఒకటే భయం" అంది. అంతే!

ఈసారి వచ్చేసరికి ఆవిడ మోకాళ్ళు అప్పటిలా లేవు. లిస్టు తియ్యలేదు. కారు స్టేషన్ దగ్గర వదిలేసి బార్ట్‌లో వెళ్ళి పవెల్ స్ట్రీట్లో దిగాం. అక్కడ కేబుల్ కారుని గుండ్రటి చెక్క వేదిక మీదకి తెచ్చి, ఇద్దరు మనుషులు చేత్తో తోసి తిప్పుతున్నారు. "అమెరికాలో కూడా బండి తోస్తారేమిట్రా!" అని అమ్మ ఒకటే నవ్వు.

ఎక్కాక ఇంజను ఎక్కడని అడిగింది. లేదన్నాను. రోడ్డు కింద గాడిలో ఉక్కు తాడు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో నడుస్తూనే ఉంటుంది. గ్రిప్‌మాన్ మీట లాగితే బండి ఆ తాడుని పట్టుకుంటుంది. "మరి తాడుని ఎవరు లాగుతున్నారు?" ఇంజనీరింగ్ చదివిన నాకు ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నే రాలేదు.

మేసన్ స్ట్రీట్లో కేబుల్ కార్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. పవర్‌హౌస్ కూడా అదే. పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతూ తాళ్ళన్నిటినీ లాగుతుంటే అమ్మ రెయిలింగ్ పట్టుకుని అరగంట చూసింది. 1873లో మొదలైన ఈ బండ్లని 1947లో తీసేద్దామని మేయరు అంటే, ఫ్రీడెల్ క్లస్‌మన్ అనే ఆవిడ ఆడవాళ్ళని కూడగట్టి, ఓటింగు దాకా తీసుకెళ్ళి నిలబెట్టిందని చెప్పాను. "బతికించింది" అంది అమ్మ.

అక్కడి నుంచి చైనాటౌన్‌కి దిగి, ఒక చిన్న హోటల్లో అన్నం, కూరగాయలు, టోఫూ తిన్నాం. టోఫూకి రుచేం లేదంది కానీ వేడివేడిగా ఉందని మొత్తం తినేసింది. తర్వాత పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో బెంచీ మీద కూర్చుంటే, పక్కనున్న చైనా బామ్మ తన మోకాలు చూపించింది, అమ్మ తన మోకాలు చూపించింది. ఇద్దరికీ భాష రాదు. పావుగంట మాట్లాడుకున్నారు.

ఆరోజు చూసింది మూడే చోట్లు. రాత్రి పిన్నితో నలభై నిమిషాలు మాట్లాడింది.

"అంత దూరం నుంచి వస్తారు, అన్నీ చూపించకపోతే ఎలా?" అంటారు మిత్రులు. నిజమే, మళ్ళీ వస్తారో రారో. అందుకే కదా, ఉన్న ఒక్కరోజూ కారు అద్దాల్లోంచి గడిచిపోకూడదనడం.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టమని నాకు తెలీదు. చైనాటౌన్‌కి నడిపించినందుకు అమ్మ రెండు రోజులు నొప్పితో మెట్లు దిగలేకపోయింది. మీరు వెళ్తే దిగడానికి కూడా బండి చూసుకోండి.