మా వీధికి సికాడాలు రాలేదేమి?



2024 మే నెలాఖరున నేపర్‌విల్‌లో ఎవరిని పలకరించినా సికాడాల మాటే. 17 ఏండ్లు నేలలో దాగి, ఒక్కసారిగా పైకి వచ్చి, చెట్లెక్కి రొద పెట్టిన ఆ ఎర్రకన్నుల పురుగులను మీలో చాలామంది చూచే ఉంటారు. ఫోనులో ఆ చప్పుడు విన్న ఒక అమ్మమ్మగారు, పక్కన రైసుమిల్లు ఆడుతున్నదా అని అడిగారట! అవి కుడతాయనీ, తోటలన్నీ మేసేస్తాయనీ కొందరు భయపెట్టారు. రెండూ నిజం కావు. గుడ్లు పెట్టడానికి లేత కొమ్మలను చీల్చుతాయి గనుక చిన్న మొక్కలకు కొంత హాని కలుగుతుంది, అంతే.

ఆ కబుర్లన్నింటిలో నాకు నచ్చినది ఒక పిల్లవాని ప్రశ్న. "పాత వీధుల నిండా ఉన్నాయి, మా వీధిలో ఒక్కటీ లేదేమి?" పెద్దలు నవ్వి ఊరుకున్నారు. నా దృష్టిలో ఆ వేసవిలో అడగవలసిన ప్రశ్న అదే.

పిల్ల సికాడా చెట్టు వేళ్లలోని రసం పీల్చుతూ నేలలోనే పెరుగుతుంది. మరి ఏండ్లను ఎట్లా లెక్కిస్తుంది? కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు 15 ఏండ్లు నిండిన పిల్ల సికాడాలను, ఏడాదికి రెండుమార్లు పూచేటట్లు చేసిన పీచ్ చెట్ల వేళ్ల చెంతకు చేర్చారు. అవి ఒక ఏడాది ముందే పైకి వచ్చాయి. అనగా అవి లెక్కించినది క్యాలెండరును కాదు, చెట్టు చిగురించిన ఋతువులను!

చెట్టును నరికి నేలను తవ్వితే, దానిని నమ్ముకొన్న పురుగులూ పోతాయి. రెక్కలు వచ్చిన తరువాత కూడా సికాడాలు దూరం ఎగరలేవు. కనుకనే పాత చెట్ల నీడన చెవులు గింగురుమనగా, మొక్కజొన్న చేలమీద ఇళ్లు లేచిన వీధులు నిశ్శబ్దంగా ఉండిపోయాయి. ఆ పిల్లవాని ఇల్లు అటువంటి వీధిలోనిదే.

2024లో పుట్టిన సికాడా పిల్లలు ఇప్పుడు మన కాళ్లకిందనే ఉన్నాయి. అవి 2041లో వస్తాయి. ఆకులు ఊడ్వలేక చెట్టు కొట్టించుదామని మీ ఇంట మాట వస్తే, దాని కింద ఎవరున్నారో ముందుగా అడగండి. పెద్దలు విసుగుకొన్నా ఫరవాలేదు.

ఆ వేసవిలో ఏ వీధిలో, ఏ చెట్టుమీద రొద విన్నారో గుర్తున్నవారు వ్రాసి తరగతికి తీసుకొని రండి. 2041లో సరిచూచుకొందాము.